తేదీ మార్చిన శనివారం

రెండోసారి జెర్సీలు మార్చేసరికే వల్లీ మోకాళ్లు మొరాయించాయి. పొద్దున్న ఎనిమిదింటి నుంచీ దక్షిణాఫ్రికాలోని ఉంజింటో మైదానంలో గొంతుక్కూర్చోవడం, ఫొటో తీయడం, నడుం పట్టుకుని లేవడం, ఇదే పని. పిల్లల ఆటను నిలబడి తీస్తే మొహాలు రావు, నెత్తులే వస్తాయి. యాభై నాలుగేళ్ల మనిషి గడ్డిలో ఎన్నిసార్లు కూలబడి లేచిందో ఆ ఫొటోలు కొనేవాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదనుకోండి.

"బేగి, బేగి, వల్లీ! లంచ్ లోపల మూడు మంత్‌లూ ఫినిష్ కావాలి మా!" అని మెట్ల మీంచి సూబ్రాయన్ కేకేశాడు.

మూడు నెలలంటే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ఆ రోజు మాత్రం జూన్ ఇరవై ఒకటి, రెండు వేల మూడు.

సూబ్రాయన్‌కు ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టుంది. అక్కడి భారతీయుల పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బుకు తొమ్మిదేళ్లుగా ఆయనే ఛైర్మన్. తెల్లవాళ్ల పాలన పోయి దేశం మారాక ఇలాంటి క్లబ్బులకు గ్రాంట్లు వస్తున్నాయి. ఈసారి గ్రాంటుకు ఒక షరతు ఉంది. చెరకు తోటల నల్లజాతి కూలీల పిల్లలకు కూడా క్లబ్బు ఆట నేర్పుతుండాలి, అందుకు రుజువుగా మూడు నెలల ఫొటోలు సోమవారం నాటికి అందాలి. ఆ పిల్లల్లో ఒక్కరిని కూడా క్లబ్బు ఏనాడూ గేటు దాటి రానివ్వలేదు. అయితే ఏం? సూబ్రాయన్ బుర్ర పాదరసం. గిల్బర్ట్ అనే ట్రాక్టరు డ్రైవరుకు వంద రాండ్లిచ్చి, చెరకు మోసే ట్రైలరులో ఇరవై రెండు మంది పిల్లల్ని ఒక పూటకు రప్పించాడు. పిల్లలకు తలా ఒక బన్ను, ఒక కూల్‌డ్రింకు.

జెర్సీలు పదకొండే ఉన్నాయి. పదకొండు మంది తొడుక్కుని ఫొటో దిగాక విప్పి మిగతా పదకొండు మందికి ఇవ్వాలి. వల్లీ కెమెరాలో తేదీ మార్చాలి. ఆ కెమెరా తీసిన ప్రతి ఫొటో కింద మూల తేదీ నారింజరంగు అంకెల్లో పడుతుంది. సూబ్రాయన్‌కు ఆ కెమెరాలో నచ్చిందల్లా అదే.

కెమెరా వల్లీదే, అరచేతిలో ఇమిడేది. పంతొమ్మిదేళ్లు డర్బన్ బట్టల ఫ్యాక్టరీలో ఓవర్‌లాక్ మిషను మీద చొక్కాలు కుట్టింది. బయటి దేశాల చవక బట్టలు వచ్చిపడి ఫ్యాక్టరీ మూతపడ్డాక, వాళ్లు చేతిలో పెట్టినదాంట్లో రెండు వేల ఆరువందల రాండ్లు పోసి దీన్ని కొంది. మీట నొక్కితే ఇది వెంటనే పలకదు. ఒక క్షణం ఆలోచించుకుని గాని ఫొటో తీయదు, ఈలోగా బంతి వెళ్లిపోతుంది. మొదట్లో ఎన్ని ఫొటోల్లో ఖాళీ గోలుపోస్టులే వచ్చాయో! తర్వాత్తర్వాత వల్లీకి కిటుకు తెలిసింది. పిల్ల కాలు లేపకముందే, లేపబోతోందని భుజం చూసి పసిగట్టి నొక్కేయాలి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల అలా తీసేవాళ్లు ఇంకొకరు లేరు. ప్రింటు పదిహేను రాండ్లు, శనివారానికి క్లబ్బు ఇచ్చేది రెండొందలు. వారం గడిచేది దాంతోనే. సూబ్రాయన్ గేటు చూపిస్తే ఇంకో మైదానం లేదు.

"ఆ పొగ రాకూడదు మా," అన్నాడు సూబ్రాయన్ దగ్గరికొచ్చి. దూరంగా కొండవాలున కోతకు ముందు చెరకు కాలుస్తున్నారు, మసి ఇక్కడిదాకా రాలుతోంది. "ఫిబ్రవరిలో కేన్ ఎవడు కాలుస్తాడు? పిల్లల్ని ఆ సైడు తిప్పు. స్వెట్టర్లు కూడా తియ్యమను, సమ్మర్ గదా."

అక్కడ జూన్ అంటే చలికాలం. చలిగాలికి పిల్లల చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పరుగెత్తితే చెమట పడుతుంది, ఆ జెర్సీలు మళ్లీ ఇంకొకళ్లకు వేయాలి. అందుకని ఎవరూ పరుగెత్తకూడదు. బంతి పక్కన పెట్టి, కాలెత్తి, అలాగే ఉండిపోవాలి. కదిలే కాలును పట్టుకోవడానికి రెండేళ్లు తంటాలుపడి నేర్చుకున్న వల్లీ, కదలని కాళ్లకు ఫొటోలు తీసింది. సిగ్గేసింది. అయినా తీసింది.

ఏడో నంబరు జెర్సీ వేసుకున్న పిల్ల పేరు జాబులిలె. సన్నగా పొడుగ్గా ఉంటుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఫొటో ఫొటోకీ మధ్య మాత్రం తమ జులూ భాషలో ఒకటే అడుగుతోంది.

"గోగో, ఆట ఎప్పుడు మొదలెడతారు?"

గోగో అంటే అక్కడ అవ్వ. ఫ్యాక్టరీలో పక్క మిషన్ల వాళ్ల దగ్గర నేర్చుకున్న జులూలోనే వల్లీ "ఇంకాస్త ఆగు తల్లీ" అంటోంది. ఆ మాట మూడోసారి అన్నప్పుడు పిల్ల మొహంలోకి చూడలేకపోయింది.

ఫిబ్రవరి అయింది. మార్చి అయింది. సూబ్రాయన్ జేబులోంచి కాగితం తీసి చూశాడు.

"లాస్ట్ ఒకటి. ట్వెల్ఫ్త్ ఏప్రిల్ పెట్టు. శనివారమే, క్యాలెండర్‌లో చూసినాను."

వల్లీ మీట నొక్కి నెల మార్చింది, తేదీ మార్చింది. జాబులిలె వచ్చి ఆమె భుజం మీంచి కెమెరా చిన్న తెరలోకి తొంగిచూసింది. అంకెలు చదువుకుంది.

"ఆ రోజు మేం వచ్చాం గోగో," అంది.

"ఎక్కడికి?"

"ఇక్కడికే. నాకు పన్నెండేళ్లు నిండిన రోజు. క్లబ్బులో అడిగి చూడమని మా అమ్మ పంపింది. ఆరుగురం వచ్చాం. ఆ పెద్దాయన నీళ్ల పైపు పట్టుకుని మా మీద కొట్టాడు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. "నువ్వు కూడా ఉన్నావు. లోపల ఫొటోలు తీస్తున్నావు."

నీళ్ల పైపు సంగతి వల్లీ చూడలేదు. కానీ ఆ శనివారం బాగా గుర్తుంది. గోలు వెనక కంచె పట్టుకుని ఎవరో పిల్లలు నిలబడి ఉంటే, సూబ్రాయన్ వచ్చి "వెనకాల వాళ్లు పడకుండా తియ్యి మా" అన్నాడు. ఆమె రెండడుగులు పక్కకి జరిగి కూర్చుంది. ఆ రోజు ఫొటోలన్నీ శుభ్రంగా వచ్చాయి. కంచె కూడా కనబడలేదు. పద్దెనిమిది ప్రింట్లు అమ్ముడుపోయాయని సంబరపడింది కూడా.

ఆమె తేదీని మళ్లీ జూన్ ఇరవై ఒకటికి తిప్పింది.

"ఏం ఆగిపోయినావు? బ్యాటరీ అయిపోయిందా?"

"బ్యాటరీ ఉన్నాది బావా. ఆ డేట్ నేను వెయ్యను."

సూబ్రాయన్ ఆమె పోయిన భర్తకు పెదనాన్న కొడుకు. ఇన్నేళ్లలో ఆమె నోట "వెయ్యను" అనే మాట ఆయన వినలేదు. ముందు నవ్వాడు.

"అయ్యో, డ్రామా వద్దు మా. అన్ని క్లబ్బులూ ఇదే చేస్తున్నాయి. గ్రాంట్ వస్తే గ్రౌండ్‌కి లైట్లు పెట్టొచ్చు. మన పిల్లల కోసరమే గదా? నేనేమన్నా ఇంటికి తీస్కపోతానా?"

"ఈ పిల్లలు ఆ రోజు వచ్చినారు బావా. నువ్వు నీళ్లు కొట్టినావు."

"ఎవరు చెప్పినారు? అది... గేటు కాడ మురికి కడుగుతా ఉంటిని."

"తెల్లోళ్లు గడ్డి మీద ఆడతా ఉంటే మనం కంచె బయట నిలబడలేదా? నువ్వే గదా చెప్తావు ప్రతి దీవాళీకి, కళ్లమ్మట నీళ్లెట్టుకుని."

సూబ్రాయన్ మొహం నల్లబడింది. ఒక్క క్షణం ఆయన చెయ్యి మోకాలి మీదికి వెళ్లింది. పదిహేనేళ్లప్పుడు కంకర మైదానంలో చీరుకుపోయిన మోకాలి మచ్చ ఆయనకింకా ఉంది. ఆ క్షణం దాటిపోయింది, కొట్టు యజమాని మళ్లీ మాట్లాడాడు.

"సరే. నెక్స్ట్ శనివారం నువ్వు రావొద్దు. నా మేనల్లుడి దగ్గర ఇంతకన్నా పెద్ద కెమెరా ఉన్నాది." పిల్లల వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. "జెర్సీలు తియ్యండి! ఆఫ్, ఆఫ్! పోండి!"

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే, తమ పాత చొక్కాల మీంచి జెర్సీలు లాగి అట్టపెట్టెలో వేసి స్వెట్టర్లు తొడుక్కున్నారు. ఏడో నంబరుది చివర పడింది. జాబులిలె దాన్ని చేతులు లోపలికి మడిచి, కొత్తది కొట్టులో పెట్టినట్టు పెట్టింది.

వల్లీ మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది. పెట్టె పట్టుకున్న సూబ్రాయన్, చుట్టూ చిరిగిన స్వెట్టర్లలో పిల్లలు, వెనక చెరకు పొగ. ఈసారి ఏదీ తప్పించాలని చూడలేదు. మీట నొక్కింది. కెమెరా తన అలవాటు ప్రకారం ఒక క్షణం ఆలోచించి ఫొటో తీసింది.

"ఏం తీసినావు?" సూబ్రాయన్ పెట్టె కింద పడేసి వచ్చాడు. "అది తుడిచెయ్."

"లేదు బావా."

"వల్లీ, నేను చెప్తా ఉన్నాను."

"వింటా ఉన్నాను. తుడవను."

ఆయన చెయ్యి చాచాడు. ఆమె కెమెరా తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. వచ్చే శనివారం ఏం తినాలో ఆమెకు తెలియదు, ఆ ఫొటో ఎవరికి చూపించాలో అసలే తెలియదు. భయమేసింది. అయినా చెయ్యి వెనక్కే పెట్టుకుంది.

గేటు దగ్గర గిల్బర్ట్ ట్రాక్టరు స్టార్టు చేసి హారన్ కొట్టాడు. పిల్లల్లో ఇద్దరు ముగ్గురు అటు కదిలారు.

జాబులిలె కదల్లేదు. సూబ్రాయన్‌ను చూసింది, వల్లీని చూసింది. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి, మైదానం నడిమధ్య సున్నపు గీత మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. వెళ్తున్నవాళ్లు ఆగారు. గిల్బర్ట్ మళ్లీ హారన్ కొట్టాడు. ట్రైలరు ఎవరూ ఎక్కలేదు.