పోవడమే నా పని

నేను ఒక ఫ్యూజును. ఇరవై ఆంపియర్లు. చిటికెన వేలంత పింగాణీ గొట్టం, లోపల సన్నని తీగ, దాని చుట్టూ ఇసుక. నన్ను పుట్టించినవాళ్లు ముద్దు చేయలేదు. కొలిమిలో కాల్చారు, గొంతుదాకా ఇసుక కూరారు, రెండు కొసలకూ లోహపు టోపీలు పెట్టి మరతో నొక్కారు. ఇదంతా ఒకనాడు ఎవరి బదులో చావడానికి. తీరా చచ్చాక మనుషులు “ఛీ, ఫ్యూజు పోయింది” అని విసుక్కుంటారు. పని చేసినందుకు తిట్లు తినే ఉద్యోగం మాది.

తెనాలిలో ఒక ఆటో సామాన్ల కొట్టులో ఏడు నెలలు డబ్బాలో పడి ఉన్నాను. ఒక మధ్యాహ్నం కోటమ్మ వచ్చింది. బ్యాటరీ ఆటో నడుపుతుంది. వెనక ఆమె మరిది దానయ్య, తల దించుకుని. ఆమె బల్ల మీద ఒక నల్లటి ముద్ద పెట్టింది. అది మావాడి శవం. ఒంటినిండా రాగి తీగ చుట్టి ఉంది.

ఆ తీగ చుట్టింది దానయ్యే. ఛార్జరులో ఫ్యూజు రెండుసార్లు పోయేసరికి అది నాసిరకమని తేల్చి, మళ్లీ పోకుండా కట్టేశాడు. వాళ్ల వీధిలో అందరూ చేసేదీ అదే. పోయే ఫ్యూజు చెడ్డది, పోనిది మంచిది. శవాన్ని నిలబెట్టి కాపలా కాయమన్నారన్నమాట. వారం తిరక్కుండా ఛార్జరు భగ్గుమంది. ఆటో అంటుకుంటుందని కోటమ్మ భర్త ఏసోబు మండుతున్న పెట్టెను రెండు చేతులతో లాగి అవతల పడేశాడు. కరిగిన ప్లాస్టిక్‌తోపాటు అరచేతుల చర్మం ఊడి వచ్చింది. ఆ రోజు కోటమ్మ మరిదిని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి, నోరు పగిలేదాకా చెప్పుతో కొట్టిందట. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదట. ఏసోబు చేతులు ఇక హ్యాండిల్ పట్టవు. ఆమె ఆటో నడిపితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కొత్త ఛార్జరు కూడా కాలితే ఇక అంతే.

కొట్టు యజమాని సుభానీ మొదట గాజు ఫ్యూజు చూపించాడు. ఆమె పక్కకు నెట్టింది. అందులో ఇసుక ఉండదనీ, పగిలితే నిప్పు బయటికి దూకుతుందనీ మెకానిక్ చెప్పాడట. అప్పుడతను నా పక్కనున్న నలభై ఆంపియర్ల డబ్బా తీశాడు.

“నలభై ఏసుకో కోటమ్మా. జన్మలో పోదు.”

“పోనిదాంతో నాకేం పనయ్యా? మా ఆయన చేతులు పోయినయ్యి,” అంది ఆమె. “ఛార్జరు మూత మీద ఇరవై అని ఉంది. ఇరవయ్యే ఇయ్యి. పోయేదే ఇయ్యి.”

నన్ను నా చావు కోసమే కోరుకున్న మొదటి మనిషి ఆమె. నాకు గర్వంగా అనిపించింది, కొంచెం భయం కూడా వేసింది.

నన్ను కొత్త ఛార్జరులో బిగించిన నెల తర్వాత ఒక ఉదయం దానయ్య తొందరలో ఛార్జరు ప్లగ్గు పట్టుకోకుండా వైరు పట్టుకుని లాగాడు. ఆటో మెట్టుకు రాసుకుని దాని తొడుగు అప్పటికే అరిగింది. అతని పిడికిట్లోనే రెండు తీగలూ కలిశాయి. కరెంటు బలమంతా ఒక్కసారిగా నా మీద పడింది. నా తీగ ఆవిరైపోయింది. మంట నా గోడల్ని గుద్దింది, కొరికింది. ఇసుక దాని పీక పట్టుకుని, తాను కరిగి గడ్డకట్టేదాకా వదల్లేదు. బయటికి వినిపించింది టక్కుమనే చప్పుడు మాత్రమే.

దానయ్య పిడికిలి విప్పి చూసుకున్నాడు. చిన్న మసి మచ్చ. గుమ్మంలో ఏసోబు ముడతలుపడిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దానయ్య ఆ చేతుల వంక చూశాడు, తన చేతి వంక చూశాడు, అక్కడే కూలబడి ఏడ్చాడు. కోటమ్మ నన్ను ఊడదీసి అతని మసి చేతిలోనే పెట్టింది.

ఇప్పుడు సుభానీ బల్ల మీద ఉన్నాను, ఆనాడు నల్లటి ముద్ద పెట్టిన చోటే. సుభానీ అలవాటుగా నలభై డబ్బా తీశాడు.

“అది వద్దు బాబాయ్,” అన్నాడు దానయ్య, నన్ను ముందుకు జరిపి. “ఇదిగో, ఇట్టా పోయేదే ఇయ్యి.”