ఒత్తు తప్పిన మాట

చొక్కాకి ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వీపు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే వరస. ఇస్త్రీ ఆయన చెయ్యి తన దారిన తాను నడుస్తుంటే, కళ్ళు మాత్రం ఎదురుగా గోడకి గుచ్చిన కాగితం మీద ఉన్నాయి. రేపు ఆదివారం చర్చిలో ఆయన చదవాల్సిన మొదటి పఠనం అది. లాండ్రీ చీటీ వెనక సోమవారమే రాసి పెట్టుకుంటాడు. శనివారానికల్లా ఆ కాగితం ఆవిరికి మెత్తబడిపోతుంది, ఆ భాగం ఆయనకి కంఠతా వచ్చేస్తుంది.

"ఏం ప్రవక్తగారూ, ఈ వారం దేవుడేమంటున్నాడు?" అంది పక్క బల్ల దగ్గర దుప్పట్లు మడతపెట్టే ఆవిడ.

"పరిగె ఏరుకోమంటున్నాడు."

"అంటే?"

"కోతలయ్యాక పొలంలో రాలిన వెన్నులు ఏరుకోవడం. మొగుడు పోయిన పిల్ల ఒకతె, పుట్టిన ఊరొదిలేసి అత్తగారి వెంట వచ్చేసింది. తిండికి లేక ఒక బంధువు పొలంలో పరిగె ఏరుకుంటోంది. ఆయనేమో ఆ పిల్ల కోసం కావాలనే కొన్ని వెన్నులు రాల్చి పొమ్మని కూలీలకి చెప్పాడు."

"అత్త వెంట పోయిన కోడలా! అందుకే పుస్తకంలోకి ఎక్కింది," అని ఆవిడ పకపకా నవ్వింది.

ఆయనా నవ్వాడు. ప్రతి వారం చదవబోయే భాగాన్ని బట్టల్లో వెతుక్కోవడం ఆయన అలవాటు. మొదటి జంటకి దేవుడే చర్మపు అంగీలు కుట్టి ఇచ్చాడన్న వారం, దేవుడు దర్జీ పని కూడా చేశాడా అని శనివారం దాకా మురిసిపోయాడు. రంగురంగుల అంగీ విప్పి అన్నలు తమ్ముణ్ణి గోతిలోకి తోసిన వారం, రంగు బట్ట తగిలితే చాలు మనసు చివుక్కుమనేది. ఈ పరిగె ఒక్కటే వారమంతా దొరకలేదు. జేబుల్లో మిగిలిన టికెట్టు ముక్కలూ బొత్తాలూ ఏరి చూశాడు గానీ తృప్తి కలగలేదు.

పదిన్నరకి ప్రూఫులావిడ ఇంటి నుంచి మూట వచ్చింది. వారానికి రెండు జతలకి మించి రాని ఇల్లు అది. ఇవాళ దుప్పట్లు, దిండు గలేబులు, కిటికీ తెరలు, అన్నిటికీ అడుగున ఒక ఉన్ని కోటు. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఉన్ని కోటు ఇస్త్రీకి వేశారంటే చలి ఊరికి ప్రయాణం. కిటికీ తెరలు కూడా ఊడదీశారంటే మళ్ళీ రారు. ఈ లెక్క ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మూట మీద ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆవిడ ఒక అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్ది దిద్ది చివరికి కళ్ళు పోగొట్టుకుంది. ఒంటరి. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో చేతివేళ్ళకి తెలుసు. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క వస్తువు మరిచిపోగా ఎవరూ చూడలేదు.

పన్నెండేళ్ళ కిందట ఒక ఆదివారం, చదవాల్సినాయన గొంతు పట్టేస్తే ఫాదర్‌గారు ఈయన చేతిలో కాగితం పెట్టారు. ఆ రోజు 'భ'లన్నీ 'బ'లయ్యాయి, 'ధ'లన్నీ 'ద'లయ్యాయి. జనం రుమాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శనివారాలు ఆవిడ దగ్గరికి వెళ్ళి నేర్చుకోమన్నారు ఫాదర్‌గారు.

"మొదటి పటనం..." అని మొదలుపెట్టాడు ఆ శనివారం.

"పటాన్ని గోడకి తగిలిస్తారు. ఇది పఠనం. పొద్దస్తమానం బట్టలు ఒత్తుతావు, అక్షరాన్ని ఒత్తడానికి ఏం రోగమయ్యా?"

రెండేళ్ళలో ఒత్తులన్నీ పట్టుబడ్డాయి. అసలు చిక్కు అప్పుడు వచ్చిపడింది. తప్పుల్లేనివాడికి శనివారం అయిదింటికి ఆ గుమ్మం తొక్కే సాకేముంది? అందుకని మూడో ఏడు నుంచి దొంగ తప్పులు మొదలుపెట్టాడు. వారానికి నాలుగు. అంతకు మించితే పరువు పోతుంది, తగ్గితే గంట నిండదు. ఆదివారం తప్పు లేకుండా చదివితే మొదటి బెంచీలో ఆవిడ మొహం వెలిగేది. దానికోసమే బతికాడంటే అతిశయోక్తి కాదు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళందరికీ, పెట్టె వేడెక్కింది, తర్వాత మాట్లాడదాం అని చెప్పి చెప్పి అరవయ్యో పడిలో పడ్డాడు.

సాయంత్రం ఇస్త్రీ మూటతో ఆ ఇంటికి నడుస్తూ ఆయన రెండు మాటలు కూడబలుక్కున్నాడు. మొదటిది, ఉండిపోండి అని అడగాలని. రెండోది, అడగడానికి నువ్వెవరని. రెండోదే గెలిచింది. ఇవాళ ఒక్క తప్పూ లేకుండా చదివి, ఆవిడ పడ్డ శ్రమ వృథా పోలేదని చూపించి, మర్యాదగా సాగనంపాలని తీర్మానించుకున్నాడు.

తలుపు తీసింది ఆవిడ తమ్ముడి కూతురు. వెనక గదిలో తాళ్ళు బిగించిన పెట్టెలు.

"ఎవరత్తా ఈయన? మన బంధువులా?"

"కాదే. ఇస్త్రీ ఆయన. వారం వారం చదివి వినిపిస్తాడు."

ఉన్నమాటే. అయినా ముల్లులా గుచ్చుకుంది.

బల్లకి అటు ఆవిడ, ఇటు ఆయన. తప్పు దొర్లినప్పుడల్లా బల్ల మీద ఆవిడ చూపుడువేలు లేచేది. ఇవాళ మొదటి నుంచి చివరిదాకా ఆ వేలు లేవలేదు.

"ఒక్క తప్పూ లేదు," అంది ఆవిడ.

"అంతా మీ చలవేనండి."

"నా చలవా! నీ తప్పుల సంగతి నాకు తెలీదనుకున్నావా? 'భ' వచ్చిందంటే ఒక్క క్షణం ఆగేవాడివి. ఆగి మరీ తప్పు చదివేవాడివి. తెలియనివాడు ఆగడయ్యా."

ఆయన కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"పదేళ్ళు దిద్దాను. ఏ శనివారమైనా విసుక్కున్నానా?"

"లేదండి."

"వెళ్ళాలా వద్దా అని నేనింకా తేల్చుకోలేదు. పిల్ల సర్దుతుంటే సర్దుకోనిచ్చాను. సాయంత్రం నువ్వొచ్చి చదివాక చూద్దాంలే అనుకున్నాను." బల్ల మీది వేలు వెనక్కి తీసుకుంది. "ఇవాళ తప్పుల్లేకుండా చదివేశావు. సరే. కథలో అత్త వెంట కోడలు వెళ్ళింది. ఇక్కడ కోడలి వెంట మేనత్త వెళ్తోంది."

ఉండిపోండి. ఒక్క ఒత్తు కూడా లేని మాట. అయినా ఆయన నోరు తిరగలేదు. ఈలోగా మేనకోడలు వచ్చి, దుప్పట్లు లెక్క సరిపోయాయనీ, రేపు చర్చి నుంచి అటే స్టేషనుకి వెళ్ళిపోతామనీ చెప్పింది.

ఇంటికి తిరిగి నడుస్తుంటే వీధి మలుపులో పరిగె దొరికింది. పంట ఏనాడూ తనది కాదు. వారానికి ఒక గంటా, నాలుగు తప్పులూ ఏరుకున్నాడు. తన తెలివికి దొరికాయనుకున్నాడు. ఆవిడ కావాలనే రాల్చింది. ఈ ముక్క ఒక్క గంట ముందు బుర్రకెక్కి ఉంటే ఎంత బాగుండేది అని దుఃఖం ముంచుకొచ్చి, అక్కడే ఒక మెట్టు మీద కూలబడ్డాడు.

ఆదివారం చర్చి నిండుగా ఉంది. ఆయన చదువుతున్నాడు. గొంతు నిలకడగానే ఉంది. పిల్ల పొలానికి వెళ్ళింది. ఆ పొలం ఎవరిదో చెప్పే మాట దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం ఆగాడు.

"బందువు," అన్నాడు.

జనం పట్టించుకోలేదు. ఎవరో దగ్గారు, పసిపిల్ల ఒకటి కేరింది. మొదటి బెంచీలోంచి మాత్రం, శనివారం సాయంత్రాల్లో పలికినట్టే, మెల్లగా వినిపించింది.

"బంధువు."

ఆయన తలెత్తాడు. ఆవిడ మొహం వెలుగుతోంది, చెంపలు తడిగా ఉన్నాయి. ఆ మాటని మళ్ళీ చదివాడు, ఒత్తి పలికాడు. మిగతాది ఎలా పూర్తి చేశాడో ఆయనకే తెలీదు.

పాట అందుకునేలోగా మేనకోడలు గడియారం చూసుకుని అత్త చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. బయట కారు తలుపు పడిన చప్పుడు, ఆ తర్వాత ఇంజను చప్పుడు, అది కూడా పాటలో కలిసిపోయింది.

అందరూ వెళ్ళాక కాగితం జేబులో పెట్టుకుని దిగివచ్చాడు. మొదటి బెంచీ చివర, ఏనాడూ ఏదీ మరిచిపోని ఆవిడ కూర్చున్న చోట, నీటుగా చుట్టి బొత్తాం పెట్టిన నల్ల గొడుగు ఒకటి, పిడి ఆయన వైపుకి తిరిగి, ఆనించి ఉంది.