కత్తెర అరువు

ఎవరో ఒకరు వచ్చి కత్తెర అరువడగడం ఈ వారంలో ఇది ఏడోసారి. ఈసారి మేనత్త.

"ఏమే, నీ కత్తెర ఓసారి ఇస్తావా? చిన్న పనుంది," అంది గుమ్మంలో నిలబడి, గోడకేసి చూస్తూ.

ఇంట్లో అందరూ చిన్నది అని పిలిచే ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మంచం మీంచి లేవలేదు. కిటికీ వైపు వేలు చూపించింది. అక్కడుంది, పట్టుకుపో అన్నట్టు.

బయటివాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. కానీ ఆ కుటుంబంలో చంటిపిల్లలు తప్ప అందరూ దర్జీలే. దర్జీ కావలిస్తే ఒంటి మీది చొక్కా విప్పిచ్చేస్తాడు గానీ కత్తెర ఇవ్వడు. ఇంకొకరి చేతిలో పడితే దాని వాటం మారిపోతుందని వాళ్ల పట్టింపు. మేనత్తకైతే సొంతవి మూడున్నాయి, మొగుణ్ణి కూడా ముట్టుకోనివ్వదు. అలాంటి మనిషి అరువుకొచ్చి నిలబడితే ఎవరికి ఒళ్లు మండదు?

మూడు వారాల క్రితం వరకూ చిన్నది బాబాయి కొట్లో కటింగ్ చేసేది. నర్సులకి నలభై తెల్లకోట్లు కుట్టాల్సి వచ్చింది. గుడ్డను పొరలు పొరలుగా పరిచి, నమూనా కాగితం తిరగెయ్యడం మరిచిపోయి చేతులన్నీ కోసేసింది. ఎనభైకి ఎనభై ఎడమ చేతులే వచ్చాయి. బాబాయి ఒక్క మాట అనలేదు. అదే ఆమెకి గుచ్చుకుంది. ఇంటికొచ్చి వెనక గదిలో పడుకున్నది మళ్లీ గడప దాటలేదు. తిండి సరిగా లేదు, నిద్ర అసలే లేదు. ఇక జన్మలో గుడ్డ కొయ్యనని అమ్మతో మాత్రం చెప్పింది.

పిల్లని ఒంటరిగా వదలకండి అన్నాడట కింద మందుల కొట్టాయన. అంతే, చుట్టాలంతా నడుం బిగించారు. బస్సుల్లాగా టైము ప్రకారం ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలెట్టారు. వచ్చినవాళ్లు జరిగినదాని ఊసెత్తరు. ఎలా ఉన్నావని అడగరు. కత్తెర అడుగుతారు, పట్టుకెళ్తారు, గంటలో తెచ్చిచ్చేస్తారు. చుట్టూ ఇంతమంది ఇలా మూగితే మనిషికి ఊపిరాడొద్దూ?

మేనత్త కత్తెర అందుకోబోతుండగా పెద్దమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఎదురుగా ఎవరున్నారో చూసుకోకుండానే, "ఏమ్మా, నీ కత్తెర..." అని మొదలెట్టింది.

"ఇప్పుడు నా వంతు వదినా!"

"నాలుగింటికి నాది! మూడింటికి రావాల్సినదానివి ఇప్పుడా తగలడేది?"

చిన్నది లేచి కూర్చుంది. "వంతేంటి?"

మేనత్త గబుక్కున కత్తెరకేసి చెయ్యి చాపింది. చిన్నది విసురుగా వెళ్లి మేనత్త కంటే ముందు కత్తెర అందుకుంది. చేతికి తగలగానే అలవాటుకొద్దీ పక్కనున్న పీలిక మీద పెట్టి చూసింది. గుడ్డ తెగలేదు, నలిగింది. ఇంకోసారి చూసింది. మళ్లీ నమిలింది.

"దీంతో కాగితం కోసిందెవరు?"

దర్జీల ఇంట్లో ఇది చిన్న నేరం కాదు. గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మేనత్త మొహాన నెత్తురు చుక్క లేదు. నెమ్మదిగా పర్సులోంచి ఒక ముక్క తీసి చూపించింది. "సోమ, గురు, శని. మూడు నుంచి నాలుగు. కత్తెర అడగాలి." అని ఉంది దాని మీద.

"అందరి వంతులూ ఒకే అట్ట మీద రాశామే. ఎవరిది వాళ్లకి పంచుదామని... అప్పుడు నీ కత్తెరే చేతిలో ఉంది..."

"అట్టా? నా కత్తెరతో అట్ట కోశావా?" ఆ గదిలో మూడు వారాల తర్వాత మొదటిసారి గొంతు లేచింది. "మీకేమన్నా మతి పోయిందా? ఇంటినిండా కత్తెరలు పెట్టుకుని నా ప్రాణం తోడేస్తారేం? ఇక ఎవరికీ ఇవ్వను! బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఇవ్వను!"

వంటగదిలోంచి అమ్మ తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఇవ్వనందా?" అని పెద్దమ్మని అడిగి, అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చేసింది.

కేకలు విని బాబాయి కూడా వచ్చాడు, మెడలో టేపుతో సహా. టేపు చివర వేలికి చుట్టుకుంటూ అసలు సంగతి చెప్పాడు.

"మొదటిరోజు వేళాకోళానికి అడిగానే. మీద పడి రక్కుతావనుకున్నా. నువ్వు కిమ్మనకుండా ఇచ్చేశావు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఎవరో ఒకరికి లేదనకపోతావా అని రోజూ పంపిస్తున్నా."

చిన్నదానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

"నన్ను అడగొచ్చుగా బాబాయ్, ఏమైందని! ఎనభై చేతులు పాడుచేస్తే ఒక్క తిట్టు తిట్టలేవా?"

"తిడితే ఏడుస్తావని..."

"తిట్టకపోతే ఏడవలేదనుకున్నావా?"

బాబాయి తల దించుకున్నాడు. "అయినా ఎనభై ఎక్కడివే? కోటుకో ఎడమ చెయ్యి ఎలాగూ కావాలిగా. పాడైంది నలభయ్యే. మళ్లీ కోసి ఎప్పుడో ఇచ్చేశాం."

మూడు వారాలుగా ఇంతమంది వచ్చివెళ్లారు, ఒక్కరైనా ఈ ముక్క చెప్పలేదు. ఆమె బాధపడుతుందని ఊసెత్తలేదట. ఇలాంటివాళ్లతో ఎలా వేగాలి?

ఆమె చెప్పులు వెతుక్కుంది.

"సాన పట్టించాలా? ఇలా ఇవ్వు, నే పట్టుకెళ్తా," అంది పెద్దమ్మ.

"ఎవరికీ ఇవ్వనని చెప్పానా లేదా?"

కత్తెర గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగింది. ఎండ మొహాన కొట్టింది. వీధి మలుపు దాకా వెళ్లేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే బాబాయి. చేతిలో అట్టముక్క.

"అయిదు నుంచి ఆరు నాదే. కాస్త ముందొచ్చా," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

చిన్నది పళ్లు నూరింది. "సరే. పది అడుగులు వెనక రా."