చూడకుండా పెట్టిన టిక్కు

బొగ్గు ప్లాంటులో ముప్పై ఏళ్ళు బాయిలర్ నడిపిన మనిషికి ఎవరైనా కొత్తగా పాఠం చెప్పబోతే ఏమవుతుందో తెలియాలంటే, అణువిద్యుత్ కేంద్రం వాళ్ళ శిక్షణ గదిలో చెవుల మేస్త్రి పక్కన ఒక పూట కూర్చోవాలి. చెవుల మేస్త్రి అన్నది తోటివాళ్ళు పెట్టిన పేరు. గొట్టానికి చెవి ఆనించి లోపల ఏ వాల్వు కారుతోందో చెప్పేవాడాయన. పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమయ్యేది. పదోసారి సంగతి ఆయన ఎత్తేవాడు కాడు, మనమూ ఎత్తొద్దు.

పాత ప్లాంటుకు రోజూ గూడ్సు బళ్ళ నిండా బొగ్గు పోయాలి. దాని పక్కనే, అదే కాలవ నీళ్ళతో కొత్తగా లేచిన కేంద్రానికి ఏడాదికి సరిపడా ఇంధనం నాలుగైదు లారీల్లో వచ్చేస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదని లోకం అంటుంది గానీ, నిప్పూ పొగా రెండూ లేకుండా నీళ్ళు మరిగించడమేమిటని మేస్త్రి మొదట్లో నవ్వాడు. లెక్క అర్థమయ్యాక నవ్వడం మానేశాడు. ఇన్నాళ్ళూ తాము కాల్చింది బొగ్గొక్కటే కాదనిపించింది.

కొత్తది నిండుగా నడిచిన రోజున పాత చిమ్నీ ఆపేస్తారు. అయితే కంట్రోల్ రూములో అన్ని షిఫ్టులకూ పరీక్ష పాసైన మనుషులు ఉంటే తప్ప కొత్తది మొదలుకాదు. అందరూ కుదిరారు, ఒక్క కుర్చీ మిగిలింది. ఆ కుర్చీ కోసమే ఆయన యాభై రెండేళ్ళ వయసులో కళ్ళజోడు మార్చుకుని పుస్తకం పట్టాడు.

దానికి కారణం ఉద్యోగం కాదు, ఇంట్లో ఉంది. భార్యకు ఐదేళ్ళుగా ఆయాసం. చిమ్నీ పక్కనే ఉన్న క్వార్టర్స్ మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ పక్కింటావిడతో మాట్లాడటానికే ఆగినట్టు నటిస్తుంది. మందులు నేనిస్తాను గాని మంచి గాలి నేనివ్వలేనని డాక్టరు చేతులెత్తేశాడు.

తమాషా ఏమిటంటే, కొత్త కేంద్రం అంటే ఆవిడకే భయం. కంపెనీ ఇంకో దారి కూడా చూపించింది, దూరంగా వేరే ఊళ్ళో ఉన్న బొగ్గు ప్లాంటుకు బదిలీ. ఆవిడ ఆ బదిలీ కాగితం మీద సంతకం పెట్టమని పోరుతోంది. అక్కడా పొగే కదా అని ఆయనంటే, పొగైతే కంటికి కనబడుతుంది, కిటికీ వేసుకుంటాను, ఆ కనబడని దానికి ఏ తలుపు వేసుకోవాలని అడిగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన తనకొచ్చినట్టు నచ్చజెప్పాడు. కొత్త కేంద్రంలోనూ విషం ఉంటుంది, లేదనడం లేదు. కానీ దాన్ని ఉక్కు పెట్టెల్లో పెట్టి, ప్రతి పెట్టెకూ నంబరు వేసి, చుట్టూ కాపలా పెడతారు. తాము మాత్రం తమ విషాన్ని ఆకాశంలోకి ఊది, ఇంటికొచ్చి నిద్రపోయారు.

ఆవిడ అంతా విని, "పెట్టెల మీద నాకు అనుమానం లేదండీ. వాటి పక్కన కూర్చునేవాళ్ళ మీదే. మీ ప్లాంటు మనుషుల్ని ముప్పై ఏళ్ళుగా చూడటం లేదూ?" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పరీక్ష పాసైతే ఉండటం గురించి ఆలోచిస్తుంది. తప్పితే నెలాఖరులోగా ఆయన బదిలీ మీద సంతకం పెట్టాలి.

శిక్షణ గది అచ్చంగా కంట్రోల్ రూములాగే ఉంటుంది, స్విచ్చుల వెనక రియాక్టరు మాత్రం ఉండదు. అక్కడి పద్ధతి చూసి మేస్త్రికి తల తిరిగింది. ఒక స్విచ్చు ముట్టుకోవాలంటే ముందు దాన్ని వేలితో చూపించి పేరు పైకి చదవాలి. పక్కనున్నవాడు అదే పేరు తిరిగి చెప్పాలి. అప్పుడు తిప్పాలి. తిప్పాక మీటరు ముల్లు ఎక్కడుందో చూసి, అప్పుడు కాగితం మీద గడిలో టిక్కు పెట్టాలి. మా ఆవిడ ఉప్పు తెమ్మని పంపినా ఇన్నిసార్లు చెప్పదు కదా అని ఆయన గొణిగాడు. పాఠం చెప్పే మేడమ్ వయసు ఆయన కూతురి వయసుకన్నా తక్కువ. ఆయన చెయ్యి బుర్రకన్నా ముందు కదిలినప్పుడల్లా ఆవిడ మెల్లగా, మేస్త్రిగారూ చేతులు వెనక్కి, అనేది. బాయిలర్లను గడగడలాడించిన మనిషి బడిపిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికే మొదలైంది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఒక ముసలాయన, పుట్టాక ఎప్పుడైనా నవ్వాడో లేదో తెలియదు. రియాక్టరుకు చల్లనీళ్ళు తోసే పంపు ఆగిపోయినట్టు ఉత్తుత్తి ప్రమాదం నడిపించాడు. గంటలు మోగాయి, ఎర్రదీపాలు వెలిగాయి. చేయాల్సిన పనులు ఇరవై రెండు. మేస్త్రి వేలు చూపించాడు, పేరు చదివాడు, తిప్పాడు, టిక్కు పెట్టాడు. ఇరవై రెండో గడి నిండేసరికి దీపాలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి.

పాసయ్యారు, కాగితం సాయంత్రానికి అందుతుంది అన్నాడు ముసలాయన. మేడమ్ కళ్ళు మెరిశాయి. మేస్త్రికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

బస్సు కోసం నిలబడి, ఇంట్లో ఈ వార్త ఎలా చెప్పాలా అని మురిసిపోతూ, చేసిన పనులన్నీ మనసులో ఒకసారి తిప్పుకున్నాడు. పన్నెండో పని, ముల్లు ఎక్కడుందో గుర్తుంది. పదమూడు, అదీ గుర్తుంది. పద్నాలుగు. ఎడమవైపు కింది వరసలో ఒత్తిడి మీటరు. ముల్లు ఎక్కడుంది? ఎంత వెతికినా గుర్తు రాలేదు. టిక్కు పెట్టడం మాత్రం గుర్తుంది. పదమూడుతో పాటే, ఒకే ఊపులో, రెండు టిక్కులు.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆ చెయ్యి ఎక్కడ నేర్చిందో ఆయనకు తెలుసు. పాత ప్లాంటులో గంటగంటకూ మీటర్లు చూసి అంకెలు రాయాలి. ఎవరూ చూసేవారు కారు. షిఫ్టు మొదట్లోనే టీ తాగుతూ ఎనిమిది గంటల అంకెలూ ఒకేసారి రాసేసుకునేవారు. నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె, అటూ ఇటూ ఒకటి మార్చి రేపటి అంకె. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో కూడా రాలేదు, జీతం తీసుకుని మరీ నేర్చుకున్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కాడు కూడా. ఎవరూ చూడలేదు, ముల్లు సరిగ్గానే ఉండి ఉంటుంది, లేకపోతే దీపాలు ఎలా ఆరతాయి? చెప్తే కుర్చీ పోతుంది, చిమ్నీ ఆగదు, ఆవిడ ఊపిరి బాగుపడదు. చెప్పడం ఎవరి మేలుకి? ఇన్నీ అనుకున్నాడు. అనుకుంటూనే తర్వాతి స్టాపులో దిగి, ఎండలో వెనక్కి నడిచాడు.

ముసలాయన సంచి సర్దుకుంటున్నాడు. మేస్త్రి నిలబడే చెప్పాడు. ముసలాయన పరీక్ష రికార్డు మళ్ళీ తిప్పి చూశాడు.

"ముల్లు సరిగ్గానే ఉంది. మీరు చూసి ఉన్నా అక్కడ టిక్కే పెట్టేవారు."

"చూడలేదండీ," అన్నాడు మేస్త్రి.

ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫలితం రద్దు చేయక తప్పదని, ఆరు వారాల తర్వాత మళ్ళీ రాయొచ్చని చెప్పాడు. తర్వాత ఒక వింత మాట అన్నాడు. "రేపు పొద్దున మిగతావాళ్ళందరి ముందూ ఒక పది నిమిషాలు నిలబడి, మీ చెయ్యి ముందే ఎందుకు టిక్కు పెట్టిందో చెప్పండి. అది మా పుస్తకాల్లో లేదు. వాళ్ళకు కావాలి."

పాత ప్లాంటులో తప్పు ఒప్పుకుంటే మెమో ఇచ్చేవారు. ఇక్కడ సుద్దముక్క ఇస్తున్నారు.

ఇంటికొచ్చేసరికి భార్య కూర తరుగుతోంది. దాచకుండా అంతా చెప్పి, బదిలీ కాగితం ఇలా ఇవ్వు, మాట ప్రకారం సంతకం పెడతానన్నాడు. ఆవిడ కత్తిపీట పక్కకు జరిపింది. ఎవరైనా చూశారా అని అడిగింది. లేదన్నాడు. చెప్పాక తిట్టారా అంది. లేదు, రేపు అందరికీ చెప్పమన్నారన్నాడు. ఆవిడ తరిగిన ముక్కల్ని ఒక్కొక్కటే గిన్నెలో వేసింది.

మేస్త్రికి ఇంకొకటి నోటిదాకా వచ్చింది. ఒకసారి తలుపు తెరుచుకున్నాక ఒక్కటే బయటికొచ్చి ఊరుకోదు.

"ఇంకోటుంది," అన్నాడు. "చిమ్నీకి ముందు దుమ్ము పట్టే యంత్రం ఒకటుంటుంది. అది కరెంటు బాగా తింటుందని, కొందరం చీకటి పడగానే ఆపేసేవాళ్ళం. చీకట్లో పొగ రంగు ఎవరికీ కనబడదు కదా. నా షిఫ్టులో ఆపింది నేనే. దుమ్మంతా మన క్వార్టర్స్ మీదే పడేది. నీకు ఆయాసం వచ్చాక కూడా కొన్నాళ్ళు ఆపాను. తర్వాతే మానేశాను."

చెప్పేశాక తల ఎత్తలేకపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోనూ లేదు.

"తెలుసు," అందావిడ.

ఆయన తల ఎత్తాడు.

"సాయంత్రం ఆరేసిన బట్టలు పొద్దున మళ్ళీ ఉతికేదాన్ని. మీకు రెండో షిఫ్టు ఏ వారమో బట్టలే చెప్పేవి."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే అబద్ధం చెప్పేవారు. మీ నోట అది వినడం ఇష్టం లేక అడగలేదు." ఆవిడ గొంతు కూడా తడిసింది. ఊపిరి అందక కాసేపు ఆగింది, ఈసారి దేనికోసమో ఆగినట్టు నటించలేదు. "క్షమించేశానని అనుకోకండి. అది నేను తీరిగ్గా చూసుకుంటాను. కానీ ముప్పై ఏళ్ళు మీ నోరు నొక్కేసిన చోటు ఆ బొగ్గు ప్లాంటు, ఒక్క పూటలో నోరు తెరిపించిన చోటు ఈ కొత్త కేంద్రం. దేని పక్కన పడుకోవాలో నాకు తెలీదా?"

ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ అననివ్వలేదు.

"రేపు ఆ పది నిమిషాల్లో దుమ్ము సంగతి కూడా చెప్పండి. తర్వాత కూర్చుని చదువుకోండి. ముప్పై ఏళ్ళు పీల్చినదాన్ని, ఇంకో ఆరు వారాలు పీల్చలేనా?"