తలుపు పక్క కుర్చీ

టీ నీళ్ళు మరిగే సమోవారు గొట్టంలోకి ఊదీ ఊదీ సఫర్ కళ్ళు మండిపోయాయి. రష్త్‌లో వారం నుంచి ఒకటే ముసురు. బొగ్గులు కూడా నీళ్ళోడుతున్నాయి. తడిసిన ఉన్ని అంగీని ఎప్పటిలాగే తలుపు పక్క కుర్చీ వీపున ఆరేశాడు. ఆ కుర్చీ అతనిదే. ఏనాడూ అందులో కూర్చోలేదు.

టెహ్రానులోని షా మీద తిరగబడ్డ విప్లవం కొత్తలో గవర్నరు మేడ అధ్యక్షుడి కార్యాలయమైంది. "మన రిపబ్లిక్‌లో ఎవరూ నిలబడి ఊడిగం చెయ్యక్కర్లేదు" అని మొదటి అధ్యక్షుడు టీ కాచే సఫర్‌కి ఆ కుర్చీ వేయించాడు. ఆయన పోయి ఇంకొకాయన వచ్చాడు, ఆయన్ని తోసి మూడో ఆయన. కుర్చీ కోసం పెద్దలు అలా కొట్టుకు చస్తుంటే, తేరగా దొరికిన దాంట్లో సఫర్ కూర్చోడు! గవర్నర్ల కాలమంతా నిలబడే గడిపిన మనిషి. మోకాళ్ళు వాచి గుమ్మడికాయలయ్యాయి.

"కాసేపు కూచుంటే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని పొద్దున కూడా భార్య గులందాం వేడి ఇటుకతో కాపడం పెడుతూ దెప్పింది.

"నీకేం, చెప్తావు. రేపు పాత దొరలొస్తే, వీడు దర్జాగా కూచున్నాడని ఎవడో చెవిలో ఊదుతాడు. ఆ పూటే గెంటేస్తారు. ఈ వయసులో నాకెవడిస్తాడే పని?"

మధ్యాహ్నం ఒక రౌతు బురదకాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. టెహ్రాను సైన్యం వంతెన దాటిందట. మూడో అధ్యక్షుడు నస్రుల్లా, పట్టుమని ముప్పై ఏళ్ళు లేనివాడు, కాగితాలు పొయ్యిలో పడేసి తుపాకీ తగిలించుకున్నాడు. సఫర్ ఇచ్చిన టీ నిలబడే తాగాడు.

"అడవిలోకి పోతున్నాం కర్బలాయీ," అన్నాడు. కర్బలా యాత్ర చేసొచ్చిన సఫర్‌ని అందరూ పిలిచేది అలాగే. "ఇక చూసేవాళ్ళెవరూ లేరు. ఇప్పుడన్నా కూచోండి."

"చిత్తం అయ్యా. గ్లాసులు కడిగి కూచుంటాను."

"అయ్యా కాదు, కామ్రేడ్ అనమన్నానా!" అని నవ్వబోయి, నవ్వు రాక, వానలోకి వెళ్ళిపోయాడు. సఫర్ గుమ్మం దాకా వెళ్ళి చూశాడు. వేళకింత వేడన్నం తిని ఎన్నాళ్ళయిందో పాపం.

గ్లాసులు కడిగాడు. బల్ల తుడిచాడు. మేడంతా బావురుమంటోంది. ఒక గ్లాసు టీ పోసుకున్నాడు. ఆ మేడలో తన కోసం పోసుకోవడం అదే మొదలు. అటూ ఇటూ చూసి, చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని, కుర్చీలో కూలబడ్డాడు. మోకాళ్ళు మెల్లగా వదులయ్యాయి. అబ్బ, ఇంత సుఖమా! ఇన్నాళ్ళూ ఎందుకు భయపడ్డట్టు?

సాయంత్రానికి సైనికులు వచ్చారు.

"లేవరా! మేమొస్తే కూచునే ఉంటావా?" అని అధికారి గద్దించాడు.

సఫర్ లేవలేదు. భుజం పట్టి కుదిపితే తల పక్కకి వాలింది.

ఇద్దరు అతన్ని మోసుకుపోయారు. కుర్చీ వీపున ఉన్ని అంగీ అలాగే ఉంది, ఇంకా నీళ్ళోడుతూ.