కూకా వదిన ముక్కు

డాన్ ఫిలెమోన్, అంటే ఫిలెమోన్ గారు, తన పొలంలోకి మమ్మల్ని రానివ్వడానికి రెండేళ్లు పట్టింది. మొదటి ఏడాది మా మీదికి కుక్కని ఉసిగొలిపాడు. రెండో ఏడాదికి ఆ కుక్క మాకు మాలిమైపోయి తోకూపడం మొదలెట్టింది, దాంతో తనే కర్ర పుచ్చుకుని గేటు దగ్గర కాపలా కాశాడు. చివరికి కోర్టు కాగితం పట్టుకెళ్లాం. ఒక్క రోజు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా. ముసలాయన దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "ఐదు దాటి ఒక్క నిమిషం ఉన్నా పోలీసుల్ని పిలుస్తా" అన్నాడు. పోలీసులు మా వెనకాలే వచ్చారు. ఇద్దరూ అప్పటికే మా ట్రక్కు నీడన టోపీలు మొహాన పెట్టుకుని నిద్దరోతున్నారు.

మేం నలుగురు ఆడవాళ్లం. నా పేరు నికోలాసా, సంతలో మొక్కజొన్న పిండి తమాలెలు ఉడికించి అమ్ముతా. ఆరేళ్ల కిందట, ఎవరిదో ఐసు మిషను చెడిపోయిందంటే, మా అబ్బాయి ఎఫ్రేన్ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఇరవై నాలుగేళ్ల పిల్లాడు. బతికున్నాడన్న ఆశ ఎప్పుడో వదిలేసుకున్నా. నాకు కావలసిందల్లా ఒక పెట్టెలో పెట్టి, ఫాదరు చేత నాలుగు మాటలు చెప్పించి, పైన కొవ్వొత్తి వెలిగించుకోవడానికి ఏదో ఒకటి. ఒక్క ఎముకైనా చాలు. మా సినలోవా రాష్ట్రంలో, ముఠాలవాళ్లు పిల్లల్ని మాయం చేసిన నాలాంటి తల్లులు ఊరికి పదిమంది ఉన్నారు. వెతికి పెట్టమని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాక, మేమే వెతుక్కోవడం మొదలెట్టాం. దొరికినవాళ్లని మేం శవం అనం, ఎముకలు అనం. నిధి అంటాం.

మిగతా ముగ్గురిలో టెన్చా ట్రక్కు తోలుతుంది, రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు ఊదుతుంది. ఎలోయిసా టీచరు రిటైరయ్యాక పిల్లల్ని తిట్టే పని లేక మమ్మల్ని తిడుతుంది. ఆవిడ దగ్గర ఈ చుట్టుపక్కల పటం ఉంది, వెతికేసిన పొలం మీద ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తుంది. ఇక కూకా. కూకా మా ఎఫ్రేన్‌కి బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతల్లి, ఆ వరసన నాకు వదిన. మా అందరికీ ముక్కు.

ముక్కంటే నిజంగా ముక్కే. నేల ఎక్కడ కుంగిందో, ఎక్కడ గడ్డి తేడాగా మొలిచిందో చూసి, అక్కడ మనిషెత్తు ఇనుప చువ్వని సమ్మెటతో దిగ్గొడతాం. పైకి లాగి దాని కొసని వాసన చూస్తాం. కింద ఎవరన్నా ఉంటే చువ్వ చెప్పేస్తుంది. సమ్మెట నాది. వాసన కూకాది. టెన్చా ముక్కు పొగకి పాడైపోయింది, టీచరుకి ఏడాది పొడుగునా పడిశం. కూకా తన కూతుర్ని అలాగే కనిపెట్టింది. ఆ తరవాతైనా ఇంట్లో కూర్చుందా అంటే, లేదు. "నా నిధి దొరికింది, మీవి దొరికేదాకా ఇంట్లో నాకేం పని?" అంది. పదకొండు మంది ఆ ముక్కు వల్లే ఇళ్లకి చేరారు. పక్క ఊరి వాళ్లు దాన్ని అరువడిగేవాళ్లు.

అలాంటిది ఏడాది పైనుంచి మాకు ఒక్కరూ దొరకలేదు. దిష్టి తగిలిందనుకున్నాం. ఫాదరు చేత చువ్వల మీద దీవించిన నీళ్లు చల్లించాం. టెన్చా పొగే అరిష్టమని సిగరెట్లు మాన్పించాం, అది వారంలో రెండుసార్లు ట్రక్కుని కాలవలోకి దింపాక మళ్లీ మేమే కొనిచ్చాం.

ఎఫ్రేన్ కాలవకీ గుట్టలకీ మధ్య ఉన్నాడని ఒకసారి ఎవరో ఫోన్ చేసి చెప్పారు, పేరు చెప్పకుండా పెట్టేశారు. కాలవకీ గుట్టలకీ మధ్య ఉన్న పొలాలన్నీ టీచరు పటంలో ఎర్రగీతలు పడిపోయాయి, ఒక్క డాన్ ఫిలెమోన్ పొలం తప్ప. ఆ రోజు పొద్దున ట్రక్కెక్కుతూ ముగ్గురికీ చెప్పేశా. ఇవాళ కూడా లేడంటే నాకిక వెతకడానికి చోటు లేదు, నేనిక రాను అని. ఆఖరికి టీచరు కూడా తిట్టలేదు.

డాన్ ఫిలెమోన్ కుర్చీ, గొడుగూ తెచ్చుకుని మేం ఎక్కడికెళితే అక్కడ వేసుకుని కూర్చున్నాడు.

"ఆ కంత పూడ్చండి. ఇందుకే మిమ్మల్ని రానివ్వనన్నా. నా ఆవు కాలు పడిందంటే విరుగుతుంది."

"బొటనవేలంత కంతలో ఆవు కాలెలా పడుతుందయ్యా?" అన్నా.

"నా ఆవు సంగతి నీకు తెలుసా?"

నేను కొట్టడం, టెన్చా లాగడం, కూకా వాసన చూడడం. ఈ మధ్య కూకాకి హంగు ఎక్కువైంది. ఇదివరకు ఒక్కసారి ఇలా పీల్చి అలా చెప్పేసేది. ఇప్పుడు కళ్లు మూసుకుని, సిలువ గీసుకుని, మూడుసార్లు పీల్చి, ఆకాశం కేసి చూసి, అప్పుడు చెబుతుంది. "ఏం లేదు వదినా." బావి దగ్గర నేల కుంగి ఉంది. అక్కడ పది చోట్ల దించాం. పదిసార్లూ "ఏం లేదు వదినా." మధ్యాహ్నానికి ముప్పై ఒక్క కంతలు అయ్యాయి. బావి గట్టు మీద కూర్చుని బీన్సు చుట్టిన రొట్టె విప్పి మళ్లీ చుట్టేశా. అయిపోయింది, పిల్లాడు ఎక్కడా లేడు, నేను వట్టి చేతుల్తో చచ్చిపోతానని ఏడ్చేశా. కూకా పక్కనే కూర్చుని నాకంటే ఎక్కువ ఏడ్చింది.

"ఇంకా ఆ మూల ఉందిగా" అంది టీచరు, కంచె దగ్గర ముళ్లచెట్టు కేసి చూపించి.

డాన్ ఫిలెమోన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆ మూల వద్దు."

"ఏం, ఎందుకొద్దు?"

"ఆ మూల ఏం లేదు. పాములున్నాయి."

"ఏం లేదా, పాములున్నాయా? రెంటిలో ఒకటి చెప్పు" అంది టెన్చా.

"పైగా అది నా పొలం కాదు."

"కంచె నీది, చెట్టు నీది, మధ్యలో నేల ఎవరిదయ్యా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ముసలాయన వెళ్లి ఆ మూలకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు కుక్కనీ కర్రనీ చూపించింది ఇందుకన్నమాట. నా బిడ్డ మీద గొడుగేసుకుని కూర్చున్నావా అని సమ్మెట ఎత్తుకునే వెళ్లా. కొడతాననుకున్నాడు కాబోలు, పక్కకి తప్పుకున్నాడు. నేల కొత్తగా తవ్వినట్టుంది, మేం వస్తున్నామని చోటు మార్చి పాతాడనుకున్నా, పైన ఒక చిన్న సిలువ కూడా ఉంది. నాలుగు దెబ్బల్లో చువ్వ దిగిపోయింది, టెన్చా లాగింది.

ఏం చెప్పమంటారు ఆ కంపు. టెన్చా నోట్లో సిగరెట్టు రాలిపోయింది. పడిశం ఉన్న టీచరు పటంతో ముక్కు మూసుకుంది. అంత దూరాన పోలీసులిద్దరూ లేచి కూర్చుని ఒకళ్లనొకళ్లు అనుమానంగా చూసుకున్నారు. ఒక్క కుక్కకే ముచ్చటేసింది.

కూకా మాత్రం చువ్వ అందుకుంది. కళ్లు మూసుకుని, సిలువ గీసుకుని, కొసని ముక్కు దగ్గర పెట్టి తీరిగ్గా మూడుసార్లు పీల్చింది. ఆకాశం కేసి చూసింది.

"ఏం లేదు వదినా. మంచి మట్టి."

ముందు నోరు విప్పింది డాన్ ఫిలెమోనే.

"మంచి మట్టేంటమ్మా? అది మా కొండేసా."

ఆయన కంచరగాడిద పేరు కొండేసా. ఇరవై రెండేళ్లు ఆయన దగ్గర పని చేసి పది రోజుల కిందట పోయిందట. దాన్ని చచ్చిపోయిన పెళ్లాం శాలువాలో చుట్టి, పాతిపెట్టి, సిలువ వేసి, కూర్చుని ఏడ్చాడట. "మా ఆవిడ పోయినప్పుడు కన్నీటి చుక్క రాలేదని ఊరంతా ఆడిపోసుకున్నారు. గాడిద కోసం ఏడ్చానని తెలిస్తే నన్ను బతకనిస్తారా?" అన్నాడు తల వంచుకుని. ఇంకోరోజైతే నవ్వి చచ్చేవాళ్లం. అప్పుడు ఎవరూ ఆయన్ని చూడలేదు. అందరం కూకానే చూస్తున్నాం.

"కూకా, ఇది ఏం వాసన?" అన్నా.

"అదే... కాస్త ఉందిలే."

టీచరు తన సంచీలోంచి పచ్చి ఉల్లిపాయ తీసి సగానికి కోసి కూకా ముక్కు కింద పెట్టింది. "కళ్లు మూసుకుని చెప్పు. ఏంటిది?"

కూకా చాలాసేపు పీల్చింది. "నిమ్మకాయ" అంది. ఉల్లిఘాటుకి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నిమ్మకాయట.

అప్పుడు కూలబడింది. పోయినేడాది జ్వరం వచ్చింది కదా, దాంతో పాటే వాసన పోయిందట. కాఫీ లేదు, సబ్బు లేదు, ఏమీ తెలీదట. నేడో రేపో తిరిగి వస్తుందని చెప్పలేదట. రాలేదు. "ముక్కు లేకపోతే నన్నెందుకు తీసుకెళ్తారు? నాకు బరువెత్తే బలం లేదు, బండి రాదు, చదువు రాదు. ఇంట్లో కూచోమంటారని భయమేసింది వదినా."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఒసే నీ ముక్కు పాడుగాను, ఏడాది పాటు నన్ను చేతుల్లేని దానిలా నీ మొహం కేసి చూసేలా చేశావు కదే, నా బిడ్డ మీదుగా నడుచుకుంటూ వెళ్లిపోయామేమో కదే అని నోటికొచ్చినట్టు తిట్టా. మూడు కావస్తోంది. ఐదు దాకానే టైము.

"ముప్పై ఒక్క కంతలూ మళ్లీ చూడాల్సిందే. తలో చువ్వ పట్టండి" అంది టీచరు.

డాన్ ఫిలెమోన్ గొడుగు మడిచాడు. "నాకూ ఒకటివ్వండి. యాభై ఏళ్లు పశువుల్తో బతికా, చావు వాసన నాకు తెలుసు." పోలీసుల్ని కూడా లేపి చెరో చువ్వా ఇచ్చింది టీచరు. "ఐదు దాటుతుందేమో" అని ఒకడు నసిగితే, "దాటనీ, పొలం నాది" అన్నాడు ముసలాయన.

బావి దగ్గరికి నేనే వెళ్లా. చువ్వ దించి, లాగి, నిలబడిపోయా. ఆరేళ్లలో ఒక్కసారి కూడా నేను వాసన చూడలేదు. సమ్మెట నాకు అలవాటని అందరికీ చెప్పుకునేదాన్ని గానీ అది అబద్ధం. చూస్తే వాడే అవుతాడేమోనని భయం. వాడు దొరకాలని రోజూ మొక్కుకుంటూనే, కనిపెట్టే పని కూకా ముక్కుకి అప్పజెప్పి ఇంత దూరాన నిలబడేదాన్ని. ఊపిరి బిగబట్టి కొసని ముక్కు దగ్గర పెట్టుకున్నా. మట్టి. తడి మట్టి వాసన. హమ్మయ్య అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది.

ముప్పై ఒక్కటీ చూశాం. కొత్తగా ఇంకో తొమ్మిది దించాం. నిజంగానే ఏం లేదు. కూకా ఒక్కతే పార పుచ్చుకుని కొండేసా మీద మట్టి సర్ది, సిలువ నిలబెట్టి వచ్చింది. ఆరున్నరకి డాన్ ఫిలెమోన్ గేటు దాకా వచ్చి మమ్మల్ని సాగనంపాడు.

ట్రక్కులో టీచరు పటం విప్పి ఎర్ర పెన్సిలు తీసింది. నా వంక చూసి కొట్టకుండా ఆగింది. కూకా వెనకాల చువ్వల పక్కన ముడుచుకుని కూర్చుంది.

"కొట్టెయ్యి టీచరమ్మా. ఇది నిజంగా చూశాంగా" అన్నా. కొట్టేసింది. అప్పుడు ఎర్రగా నిండిపోయిన ఆ పటం కేసి చూస్తుంటే తట్టింది. "ఇది కాక, కూకా జ్వరం తరవాత ఎన్ని కొట్టేశావు?"

టీచరు లెక్కపెట్టింది. "పందొమ్మిది."

"చదువు."

చదివింది. నిమ్మతోట. కాలవ మలుపు. ఇటుకల బట్టీ. విధవరాలి చెరుకు తోట. ఒక్కో పేరుకీ నేను ఎక్కడ కూర్చుని ఎలా ఏడ్చానో గుర్తొస్తోంది. ఇటుకల బట్టీ దగ్గరైతే రెండు రోజులు మంచమెక్కా. పందొమ్మిది చోట్ల లేడనుకున్న నా బిడ్డ ఇప్పుడు పందొమ్మిది చోట్లా ఉండొచ్చు. పొద్దున చోటు లేదన్నదానికి ఒక్క పూటలో ఇంత నేల వచ్చింది. నాకు నవ్వొచ్చింది. పిచ్చెక్కిందేమోనని టెన్చా బ్రేకు వేసింది.

నేను వెనక్కి ఎక్కి కూకా పక్కన కూర్చున్నా. అది మొహం దాచుకుంది.

"ఇంకా తిట్టు వదినా. నాకు కావాల్సిందే."

"మంగళవారం తిడతా. ఆరింటికల్లా తయారుగా ఉండు, ఇటుకల బట్టీకి పోతున్నాం."

"నేనెందుకు? ముక్కు లేదుగా."

"సమ్మెట పట్టు. వాసన నేను చూస్తా."

కూకా తలెత్తి నన్ను చూసింది. నా భయం సంగతి దానికి ఎప్పుడూ తెలుసు, ఆరేళ్లుగా తెలిసీ అనలేదు.

"నీ వల్ల అవుతుందా వదినా?"

"కన్నదాన్ని" అన్నా. "వాడి వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"