అరవై రెండు చుట్లు

కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగివైరు చుట్టడం నా పని. చుట్టే యంత్రానికి ఒకప్పుడు లెక్క చూపించే ముల్లు ఉండేది. అది విరిగి ఇరవై ఏళ్లయింది. కొత్తది కొనలేదు. పిడి పక్కన చిన్న ఇనుపరేకు వంచి బిగించాను. పిడి ఒకసారి తిరిగితే రేకు ఒకసారి టక్కుమంటుంది. వైరు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూసుకోవడం నా వంతు. టక్కులు లెక్కపెట్టడం మా ఆవిడ వంతు. బల్లకు అటు చివర కూర్చుని, అంతకుముందు చుట్టిన కాయిల్‌కు దారం కడుతూ పెదవుల్లో లెక్కపెట్టుకుంటుంది. సరిపోగానే "అయింది" అంటుంది. నేను పిడి ఆపుతాను. ఆ మాట ఎన్నడూ ఒక చుట్టు ముందు రాలేదు, ఒక చుట్టు వెనక రాలేదు.

ఆరేళ్ల కిందట ఆమెకు వినికిడి తగ్గింది. కొన్ని నెలలు నేనే లెక్కపెట్టుకున్నాను. నలభై దగ్గర ఎవరో ఒకరు వచ్చి మోటారు అయిందా అని అడిగేవాళ్లు, లెక్క పోయేది. చివరికి సైకిలు అమ్మి, ఇంకొంత వేసి, చెవి మిషను కొన్నాం. అది పెట్టుకున్న మొదటిరోజు ఆమె ఇల్లంతా తిరిగి, మన కుళాయి ఇంత గోల చేస్తుందా అని అడిగింది.

మిషనులో పడేది చొక్కా గుండీలో సగం ఉండే బ్యాటరీ బిళ్ల. అట్టకు ఆరు వస్తాయి. ఒక్కోదాని వీపున రంగు కాగితం అంటించి ఉంటుంది. అది పీకి మిషనులో వెయ్యాలి. పదిరోజులు వస్తుంది. కొత్త బిళ్ల వేసినప్పుడల్లా ఆమె నా వైపు తిరిగి "ఏదన్నా అనండి" అంటుంది. మాటలు నాకు పెద్దగా రావు. మొదటిసారి ఏమనాలో తోచక "ఒకటి" అన్నాను. ఆమె "రెండు" అంది. అప్పట్నుంచి మిషను పరీక్ష అంటే మాకు అదే.

ఆ బిళ్లలు మన దగ్గర తయారు కావు. ఓడల మీద వస్తాయి. డాలరు లెక్కన కొంటారు. కొన్నేళ్లకు డాలరు ఎక్కడం మొదలుపెట్టింది. డాలరు ఎక్కిందని రేడియో అంటుంది గానీ మన డబ్బు దిగిందనాలి అని వైరు కొట్టతను అనేవాడు. అతని కొట్లో రాగి ధర గోడమీద పెయింటుతో రాసి ఉండేది. ముందు దానిమీద సున్నం కొట్టి సుద్దముక్కతో రాశాడు. తర్వాత తడిగుడ్డ ఒకటి మేకుకు తగిలించుకున్నాడు. ఆఖరికి రాయడమే మానేశాడు. అడిగితే, పొద్దున రేటు కావాలా ఇప్పటి రేటు కావాలా బాబాయ్ అనేవాడు.

మిగతావీ అలాగే ఉన్నాయి. సబ్బు పాత ధరకే ఇచ్చారు, సబ్బే సన్నబడింది. బస్సు టికెట్టు పెరిగింది. చొక్కాలు కుట్టి పై దేశాలకు పంపే ఫ్యాక్టరీకి మాత్రం కలిసొచ్చింది. రెండు షిఫ్టులు నడిపారు. వాళ్ల మోటార్లు కాలినప్పుడు నాకూ పని తగిలేది. అక్కడ గుండీలు కుట్టే అమ్మాయిలు సాయంత్రం బయటికొచ్చి ఆ సన్న సబ్బే కొనుక్కుని పోయేవాళ్లు.

బిళ్లల అట్ట మొదట పావువంతు పెరిగింది. రెండు నెలలకు రెట్టింపయింది. ఆ రోజు ఆమె చెవి మిషన్ల కొట్టు మెట్ల మీద నిలబడి అట్టను అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో వేసుకుంది. అట్ట మానేస్తే ఆమెకు చెవి ఉండదు. కొంటూ పోతే ఇంకేదో మానాలి. దారంతా అదే ఆలోచించాను.

ఇల్లు చేరేసరికి నాకొక ఉపాయం తట్టింది. మోటారు బరువు మోస్తేనే కరెంటు లాగుతుంది. ఊరికే తిరిగితే పెద్దగా లాగదు. చెవి మిషనుకైనా అంతే కదా. మాటలు మొయ్యకపోతే బిళ్ల అరగదు. ఆమెకు చెబితే ఒప్పుకోదు కాబట్టి చెప్పకుండానే మొదలుపెట్టాను. అసలే తక్కువ మాట్లాడేవాణ్ణి, ఇంకా తగ్గించాను. రేడియో మూలన పెట్టాను. తలుపు బందులకు నూనె వేశాను. సుత్తి కింద రబ్బరుముక్క పరిచాను. కుళాయికి కొత్త వాషరు వేశాను. చూపించగలిగింది చేత్తో చూపించేవాణ్ణి. అన్నం చాలు అని చెప్పాల్సి వస్తే గిన్నె మీద మూత పెట్టేవాణ్ణి.

ఆమె మధ్యలో ఒకటి రెండుసార్లు నా ముఖంలోకి చూసి తల తిప్పుకుంది. పదిరోజుల బిళ్ల పద్నాలుగు రోజులు వచ్చింది. నా ఉపాయం పారిందనుకుని లోపల్లోపల సంతోషించాను.

ఆ రోజుల్లోనే పిండిమిల్లావిడ మోటారు కాలి వచ్చింది. ఆవిడ మా ఆవిడను అక్కా అంటుంది, నన్ను బావగారూ అంటుంది. పిండి పడి కనుబొమ్మలు ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. మా కొట్లో కాసేపు నిలబడి, ఆవిడే మాట్లాడి, ఆవిడే ఆగి, మా ఇద్దరినీ చూసింది.

"ఏంటి బావగారూ, మాట మీద కూడా పన్ను వేశారా?"

నేను నవ్వి ఊరుకున్నాను. మా ఆవిడ కూడా నవ్వింది. నేను నవ్వాక, కాస్త ఆలస్యంగా. అది అప్పుడు కనిపించింది గానీ పట్టించుకోలేదు.

మిల్లావిడ మోటారు మూడు రోజుల్లో కావాలంది. మిల్లు ఆగితే జనం వేరే మిల్లు మరుగుతారు. ఆ మోటారుకు పద్దెనిమిది కాయిళ్లు, ఒక్కోదానికి అరవై రెండు చుట్లు. ఒకటిన్నర రోజులో చుట్టి, మోటారు గాళ్లలో దించి, కట్టి, కరెంటిచ్చి చూశాను. మోటారు తిరిగింది గానీ మూలిగింది. ఒంటిమీద చెయ్యి వేస్తే ఒక పక్క చల్లగా, ఒక పక్క కాలుతూ ఉంది. కాయిళ్లను గట్టిపరిచే వార్నిషు ఇంకా పొయ్యలేదు, అంతవరకు నయం.

విప్పాను. కాయిళ్లు బయటికి తీసి ఒక్కో చుట్టూ వేలితో లెక్కపెట్టాను. పద్నాలుగు సరిగ్గా ఉన్నాయి. నాలుగు తక్కువ. ఒకదాంట్లో యాభై ఎనిమిది, ఒకదాంట్లో యాభై ఏడు, రెండింట్లో అరవై. అదీ రాగికి అంత ధర ఎన్నడూ లేని వారంలో. ఆమె ఎన్నడూ తప్పదు, నేనే పిడి తిప్పుతూ ఎక్కడో తూలాననుకున్నాను. వైరు గాడి అంచుకు గీరుకుందని ఆమెకు చేత్తో చూపించి, నాలుగింటికీ కొత్త వైరు తెచ్చాను.

ఈసారి నేను కూడా లోపల లెక్కపెట్టుకుంటూ తిప్పాను. మొదటి కాయిల్ సరిగ్గా వచ్చింది. రెండోది నలభై దగ్గరికి వచ్చేసరికి వైరు చిక్కుపడింది. పిడి ఆపి, వంగి చిక్కు తీస్తున్నాను. బయట లారీ వెళ్లింది. సిమెంటు లారీలు వెళితే మా కొట్టు నేల అదురుతుంది. తలెత్తి చూశాను. ఆమె తల వంచి దారం కడుతోంది. మోచెయ్యి బల్లకు ఆనించి ఉంది. పిడి ఆగే ఉంది. ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి. నలభై ఒకటి. నలభై రెండు. నలభై మూడు.

లారీ దూరమయ్యాక పెదవులు ఆగాయి.

వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. జుట్టు పక్కకు తీసి చూశాను. మిషను చెవిలోనే ఉంది. బిళ్ల వేసే బుల్లి తలుపు మాత్రం తెరిచి ఉంది. లోపల ఖాళీ.

"ఎప్పట్నుంచి?" అన్నాను. ఆమె నా పెదవులు చదివింది.

"అట్ట రెట్టింపయినప్పట్నుంచి" అంది. గొంతు కాస్త పెద్దగా వచ్చింది. మొదట ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే తీసేదట. తర్వాత కొట్లో కూడా తీసేసిందట. బిళ్లకు దాని కాగితం మళ్లీ అంటించి సూదుల డబ్బాలో పెట్టేదట. చుట్టు తిరిగినప్పుడల్లా బల్ల అదురు మోచేతికి తగులుతుంది, లెక్కకు అది చాలనుకుందట.

"లారీ కూడా తగులుతుంది" అన్నాను.

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మూలన పడేసిన నాలుగు కాయిళ్ల వైపు చూసింది.

"మీరెలాగూ మాట్లాడడం మానేశారు కదా" అంది. "నా చెవులతో విసిగిపోయారేమో అనుకున్నా. వినడానికేం లేనప్పుడు బిళ్ల ఎందుకు దండగ అని."

నేను లేచి సూదుల డబ్బా తెచ్చాను. బిళ్ల తీసి, కాగితం పీకి, మిషనులో వేసి తలుపు మూశాను. నా వేళ్లకు అంత చిన్న పని అలవాటు లేదు, రెండుసార్లు జారింది. ఆమె చెవిలో పెట్టాక చెప్పాను.

"బిళ్ల అరుగుతుందని మాట్లాడలేదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మాట్లాడితే అరుగుతుందని ఎవరు చెప్పారు మీకు?"

"మోటారు."

ఆమె నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయింది. నవ్వుతూనే ఏడ్చింది. బల్లమీదున్న మసిగుడ్డతో కళ్లు తుడుచుకుంటే బుగ్గ మీద నల్లటి చార పడింది. నేను చెప్పలేదు. అది సాయంత్రం దాకా అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం చెవి మిషన్ల కొట్టుకు వెళ్లాం. అక్కడి అమ్మాయి మా ఇద్దరి సంగతీ విని, నవ్వాలో వద్దో తెలియక బల్ల కింద ఏదో వెతికింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఆ కాగితం పీకగానే బిళ్ల వీపున ఉన్న చిల్లుల్లోంచి గాలి లోపలికి పోతుందట. గాలి తగిలిందంటే దాని ఆయుష్షు మొదలైనట్టే. మళ్లీ అంటించినా పూర్తిగా ఆగదు. ఎదురుగా ఎవరు మాట్లాడినా, మూగగా కూర్చున్నా దానికి పెద్ద తేడా లేదట.

"ఇంత తంటాలు పడితే మీకు మిగిలింది నాలుగు రోజులు పిన్నీ" అంది. "ఆ నాలుగూ బాబాయ్ వల్ల మిగిలినవి కావు."

డాలరు దిగుతోందటగా, అట్ట దిగదా అని మా ఆవిడ అడిగింది. కొట్లో ఉన్నది ఎక్కినప్పుడు కొన్న సరుకు, అది అయిపోతే గానీ దిగదంది ఆ అమ్మాయి. ఎక్కినప్పుడు మాత్రం పాత సరుకుకు కూడా కొత్త ధరే వేశారు కదమ్మా అంది మా ఆవిడ. ఆ అమ్మాయి దానికి బదులుగా ఒక కిటుకు చెప్పింది. కాగితం పీకిన వెంటనే వేసెయ్యకుండా ఐదు నిమిషాలు బల్లమీద వదిలెయ్యమంది. అది కాస్త ఊపిరి పీల్చుకున్నాక వేస్తే ఒక రోజో రెండ్రోజులో ఎక్కువ వస్తుందట.

ఒక అట్ట కొన్నాం. ఆ రోజంతా కూర్చుని మిగతా కాయిళ్లు చుట్టి, గాళ్లలో దించి, వార్నిషు పోశాం. ఆమె చెవితో లెక్కపెట్టింది. లారీలు వెళ్తూనే ఉన్నాయి.

పిండిమిల్లావిడ చెప్పిన రోజుకు కాక మర్నాడు మోటారు తీసుకుంది. ఆలస్యం ఎందుకైందో మా ఆవిడే చెప్పింది, నన్ను వెక్కిరిస్తూ. తన తప్పు కూడా దాచలేదు. మిల్లావిడ నవ్వి, బిల్లు చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చదివింది. పాడైన వైరు నేను రాయలేదు, అది మా నష్టం. బిల్లు తిరిగి నా ముందు పెట్టింది.

"వైరు రాశారు. వార్నిషు రాశారు. దారం కూడా రాశారు. లెక్కపెట్టే చెవి మాత్రం ఇంటిఖర్చా బావగారూ?"

నేను మా ఆవిడ వైపు చూశాను. నిజమే, ఇన్నేళ్లూ ఆ బిళ్లలు సబ్బుతో పాటు, టికెట్లతో పాటు ఇంటి డబ్బులోంచే కొన్నాం. మిల్లావిడ అంతటితో ఆగలేదు. తను మర కూలి పెంచిందట. జనం గొణిగారట, గొణుగుతూనే మర ఆడించుకున్నారట. అందరూ తలా కాస్త మోస్తుంటే మీరిద్దరే మూటంతా నెత్తిన పెట్టుకుని మాటలు మానుకుంటే ఎలా అంది. దారం కింద ఒక గీత గీసి రాశాను. చెవి బిళ్ల, ఒకటి. ఆవిడ డబ్బిచ్చి, మోటారు బండిలో వేయించుకుని వెళ్లింది.

తర్వాత డాలరు కొంత దిగింది. రాగి దిగింది. వైరు కొట్టతను మళ్లీ సుద్దముక్క పట్టాడు. అట్ట ఎక్కినంత దిగలేదు. సబ్బు మళ్లీ లావెక్కలేదు. ఆ గీత కింద మాట మాత్రం ఇప్పటికీ రాస్తున్నాను. చొక్కాల ఫ్యాక్టరీ మేనేజరు ఒకసారి ఇదేంటని అడిగాడు. కూర్చోబెట్టి ఒక కాయిల్ చుట్టి చూపించాను. సంతకం పెట్టాడు.

మిల్లావిడ మోటారు వెళ్లిన కొద్దిరోజులకు, సూదుల డబ్బాలోంచి తీసి వేసిన బిళ్ల అయిపోయిన రోజు ఆమె కొత్త అట్ట విప్పింది. కాగితం పీకి బిళ్లను బల్లమీద, ఇద్దరి మధ్య పెట్టింది. ఐదు నిమిషాలు. పని ఆపి దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఎండ దానిమీద పడి చిన్నగా మెరిసింది. గాలి పీల్చుకుంటోందో లేదో పైకి ఏమీ తెలియలేదు. ఆమె గడియారం చూసి, బిళ్ల వేసి, తలుపు మూసి, చెవిలో పెట్టుకుంది.

"ఏదన్నా అనండి."

"ఒకటి."

"రెండు."

ఎప్పుడూ అక్కడితో ఆగి పనిలో పడతాం. నేను "మూడు" అన్నాను. ఆమె దారం అందుకోబోయి ఆగింది. నా వైపు చూసి "నాలుగు" అంది. నేను ఐదన్నాను. లారీ వెళ్లింది, బల్ల అదిరింది, లెక్క తప్పలేదు. ఇరవై దాటింది, నలభై దాటింది. ఎవరో మోటారు మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మేమిద్దరం అటు చూడలేదు.

అరవై రెండు దగ్గర ఆమె "అయింది" అంది.

నేను "అరవై మూడు" అన్నాను.